ఎవరూ లేరక్కా

కత్తిరింపుల గంపలో చెయ్యి పెట్టిన చిన్నకోడలు కెవ్వుమంది. గంప కూడా దాదాపు అంత గట్టిగానే అరిచింది.

కటింగ్ బల్ల కింద ఉండే ఆ గంపలో గుడ్డముక్కలు తప్ప ఇంకేమీ ఉండవు. కాలరు లోపలికి చిన్న పీలిక కావాలని చూడకుండా చెయ్యి పెట్టింది. మణికట్టు మీద సూది దిగినట్టు ఒక్క పోటు. వంగి చూస్తే ఖాకీ పెట్ట. ఈకలు విప్పార్చి, ఉన్నదానికి రెండింతలై, మెడ ఒంట్లోకి లాక్కుని, చుట్టాలందరి మీదా అలిగిన ముసలమ్మలా కూర్చుంది. కింద గుడ్లు లేవు. దారం అయిపోయిన రీళ్ళు రెండూ, పాత బొత్తాల డబ్బా మూత ఒకటీ ఉన్నాయి. ఎంతో శ్రద్ధగా వాటినే పొదుగుతోంది.

"బావగారూ, ఖాకీ పొదుగుకి కూర్చుంది. అదీ ఎక్కడా, మన గంపలో!"

ఇస్త్రీ బల్ల దగ్గర బావగారు తల ఊపారు. ఆయన మాట్లాడేదేదైనా ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే. పెట్టె వేడెక్కాక ఆయన నోరు తెరవడం ఆ ఇంట్లో అరుదు. ఇప్పుడు పెట్టె బాగా కాలి ఉంది.

ముందుగది టైలరింగ్ షాపు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో ఐదు కోళ్ళు. వాటికి పేర్లు పెట్టింది పెద్దకోడలు. ఆవిడకి తెలిసినవి బట్టల పేర్లే కాబట్టి అవే పెట్టింది. నల్లగా నిగనిగలాడేది వెల్వెట్. ఒంటినిండా చుక్కలున్నది చీటీగుడ్డలా ఉంటుందని చీటీ. తెల్లవి రెండూ లైనింగులు. అందులో ఏది ఏదో వాటికే తెలియాలి. మట్టిరంగుది ఖాకీ. గింజలు చల్లితే ముందు వెల్వెట్ తినాలి, దాని పక్కన ఖాకీ, తర్వాత చీటీ, మిగిలింది లైనింగులకి. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ వరస ఎప్పుడూ తప్పేది కాదు. పుంజు లేదు కాబట్టి ఖాకీ ఎన్నాళ్ళు కూర్చున్నా పిల్లలు లేచేది లేదు. ఆ సంగతి దానికి ఎవరు చెప్పాలి?

మామూలుగా అయితే పెద్దకోడలే చెప్పేది. షాపులో కత్తెర ఆవిడది, ఇంట్లో తాళాలు ఆవిడవి, పెరట్లో కోళ్ళు ఆవిడవి. ఇద్దరు తోడికోడళ్ళలో చిన్నావిడ మిషను తొక్కేది, కాజాలు కుట్టేది, ఏం చేయాలన్నా "అక్కా" అని ఒక కేక వేసి అడిగి చేసేది. కానీ పెద్దకోడలికి మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. శుక్లం తీసి లోపల అద్దం పెట్టారు. నల్ల కళ్ళద్దాలు తీయకూడదు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు, దుమ్ము అసలు తగలకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. షాపంటేనే నూగు. కత్తెర ఆడితే నూగు, మిషను తిరిగితే నూగు. అందుకని చిన్నకోడలు అక్కని వెనకగదిలో పడుకోబెట్టి, కిటికీకి మందంగా తెర కట్టి, తలుపు దగ్గరగా వేసింది. వేళ తప్పకుండా మందుచుక్కలు వేస్తోంది. సొంత చెల్లెలైనా ఇలా చూడదని పక్కింటావిడ బావగారితో అంది కూడా.

ఖాకీ సంగతి అక్క చెవిన వేయాలా అని చిన్నకోడలు ఒక్క క్షణం తటపటాయించింది. పాపం, పడుకుంది, ఎందుకు లేపడం? ఎంతైనా కోడే కదా, ఆ మాత్రం తనకి చేతకాదా?

మీద తువ్వాలు కప్పి ఎత్తుకుంటే చంకలో ఆ ఒళ్ళు అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా కాలింది. పొట్ట కింద చెయ్యి పెడితే ఈకలు ఊడిపోయి చర్మం తగిలింది. పెరట్లో వదిలింది. ఖాకీ తాపీగా నడుచుకుంటూ వచ్చి గంపెక్కింది. మళ్ళీ తీసుకెళ్ళి వదిలింది. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి వస్తుంటే వెల్వెట్ వెనకనించి పరిగెత్తుకొచ్చి నెత్తిన ఒకటి వేసింది.

"దాన్నెందుకే పొడుస్తావు! అసలే దాని బాధలో అదుంటే!" అని వెల్వెట్‌ని అదిలించి, ఖాకీని సామాన్ల గదిలోకి తీసుకుపోయింది.

పనికిరాని మిషను బల్లలు, థాన్లు చుట్టివచ్చే అట్టగొట్టాలు ఉండే గది అది. మూలన కాస్త గడ్డి పరిచి, గింజలూ నీళ్ళూ పెట్టి, ఖాకీ మీద వేరే గంప ఒకటి బోర్లించి, తలుపు వేసింది. లోపల చీకటిగా, చప్పుడు లేకుండా ఉంది. ఎవరూ పొడవరు, ఎవరూ కదపరు. నాలుగు రోజులు ఇలా విశ్రాంతిగా ఉంటే పిచ్చి వదిలి మామూలు మనిషవుతుందిలే అనుకుంది. చేతులు కడుక్కుని వచ్చి, అక్క గది తలుపు కూడా ఇంకాస్త దగ్గరగా లాగి, షాపులోకి వెళ్ళింది.

షాపు నిండా తెల్లబట్టే. స్కూలు తెరిచే ముందు ఏటా ఉండే రద్దీ అది. పిల్లల కొలతల చీటీలు బల్ల అంచున గుండుసూదులకి వేలాడుతున్నాయి. చిన్నకోడలు థాను దొర్లించి, గుడ్డ నాలుగు మడతలు వేసి, అరచేత్తో ముడతలు తోసి, చాక్ అందుకుంది.

అక్క కత్తెర బరువైనది. బొటనవేలు దూర్చే చోటు చిన్నకోడలికి వదులు. జారకుండా దానికి ఒక పీలిక చుట్టుకుంది. మొదటి చొక్కా కోసినప్పుడు ఊపిరి బిగబట్టింది. రెండోదానికి కాస్త వదిలింది. నాలుగో చొక్కాకి వచ్చేసరికి కత్తెర దానంతటదే గీత వెంట పోతోంది, కరకరమని గుడ్డ రెండుగా విడిపోతోంది. ఇన్నేళ్ళూ ఎవరో కోసిన ముక్కలు కుట్టిన మనిషికి ఆ చప్పుడు ఎంత బాగుంటుందో చెప్పలేం. నిలబడి పని చేస్తే వీధి కూడా వేరుగా కనబడింది. మిషను ముందు కూర్చుంటే కాళ్ళూ చెప్పులూ కనబడతాయి. కటింగ్ బల్ల దగ్గర నిలబడితే మొహాలు కనబడతాయి.

టేపు పెట్టి కొలత గీస్తుంది. ఆ గీత పక్కన రెండు వేళ్ళు ఆనించి, అవతల ఇంకో గీత గీస్తుంది. కొలత మీద రెండు వేళ్ళు వదులు. అదే ఆ షాపు శాస్త్రం. ఎదిగే పిల్లలు, ఎగిరే పిల్లలు. "కొలత టేపు చెబుతుందే, వదులు వేళ్ళు చెబుతాయి" అని అక్క ఎప్పుడూ అనే మాట. చిన్నకోడలు దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ప్రతి ముక్కకీ తన చూపుడువేలూ మధ్యవేలూ శ్రద్ధగా ఆనించింది.

"పెద్దావిడ లేరా?" అని వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

"రెస్టు తీసుకుంటోందండీ. ఏం కావాలో నాకు చెప్పండి."

"ఓహో, ఇప్పుడంతా నువ్వేనా? చెయ్యి భలే తిరిగిందే నీది!"

చిన్నకోడలు మొహమాటంగా నవ్వేది. అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకి తీపిగానే ఉండేది.

మాటలు వినబడి లోపలినించి పెద్దకోడలు కేకేసేది. "ఎవరే?"

"ఎవరూ లేరక్కా. నువ్వు పడుకో."

మొదటిసారి ఆ మాట అక్క లేచి వచ్చేస్తుందేమోనన్న భయంతో అంది. ఆ తర్వాత ఆ మాట అలవాటైపోయింది. ఒకసారైతే పాలాయన భార్య జాకెట్టు కొలతలిస్తుండగా పెద్దకోడలు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది, నల్ల కళ్ళద్దాలు ముక్కు మీదకి జారుతూ.

"ఎవరూ లేరంటావేంటే, గొంతు వినబడుతుంటే! పాలాయన భార్య కదూ? ఏమ్మా బావున్నావా? ఒసేయ్, ఆవిడకి ఎడమ భుజం కాస్త కిందకి ఉంటుంది. చూసుకున్నావా?"

"చూసుకున్నాలే అక్కా. నువ్విక్కడికెందుకొచ్చావు, నూగు పడితే కన్నేం కావాలి!" అని భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పి, గదిలోకి నడిపించి, పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. నిజానికి భుజం సంగతి చూసుకోలేదు. తిరిగొచ్చి చప్పుడు చేయకుండా మళ్ళీ కొలిచింది.

అది మొదలు పెద్దకోడలు లేచి రాలేదు.

పొదుగు వదిలి ఉంటుందన్న నమ్మకంతో చిన్నకోడలు ఒకరోజు పొద్దున్నే సామాన్ల గది తలుపు తీసింది. గంప ఎత్తితే ఖాకీ ఎక్కడ కూర్చున్నది అక్కడే ఉంది. గింజలు దాదాపు ముట్టుకోలేదు. చెయ్యి దగ్గరికి పోనిస్తే బుస్సుమంటూ ఉబ్బింది. అయినా సరే, నలుగురిలో పడితే అదే దారికొస్తుందిలే అనుకుని ఎత్తుకుపోయి పెరట్లో గింజల దగ్గర దింపింది.

నాలుగు కోళ్ళూ తినడం ఆపి తలలెత్తాయి.

ముందు వెల్వెట్ వచ్చింది. ఖాకీ చుట్టూ ఒక చుట్టు తిరిగి మెడ మీదకి దూకింది. దాని వెనకే చీటీ. లైనింగులు కూడా వచ్చేసరికి చిన్నకోడలు నమ్మలేకపోయింది. రోజూ ఖాకీ వదిలేసిన గింజలు ఏరుకుతినే తెల్లకోళ్ళు, ఖాకీ నీడ పడితే పక్కకి తప్పుకునేవి, రెండూ చెరోవైపునించీ పొడుస్తున్నాయి. ఖాకీ గోడ మూలకి పోయి తల గోడకి ఆనించి నిలబడిపోయింది. ఎదురు తిరగలేదు, అరవలేదు. పొడిపించుకుంటోంది. జుట్టు మీద ఎర్రగా నెత్తురు చిమ్మింది.

"ఛీ, ఛీ! పోండే! సిగ్గులేదూ మీకు, నిన్నటిదాకా కలిసి తిన్నదాన్ని!" చీపురు విసిరి, మధ్యలో దూరి, ఖాకీని గుండెకి హత్తుకుంది. కోడి గుండె టపటపా కొట్టుకుంటోంది. ఆమెది కూడా. ఇంత అన్యాయం ఏమిటి? ఏం తప్పు చేసిందని? ఆలోచించకుండా అలాగే ఖాకీతో సహా అక్క గదిలోకి పరిగెత్తింది.

"అక్కా, చంపేసేవే దాన్ని! అన్నీ కలిసి పొడుచుకు తిన్నాయి. లైనింగులు కూడా!"

పెద్దకోడలు మంచం మీద కూర్చునే ఉంది. చేతులు చాపి ఖాకీని అందుకుంది, ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళతో పని లేకుండా వేళ్ళతోనే జుట్టు, మెడ, రెక్కల కింద తడిమింది. లావుపాటి పొట్టి వేళ్ళు. పొట్ట కింద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"పొదుగు మీదుందేమే ఇది? ఎప్పటినించీ?"

చిన్నకోడలు నీళ్ళు నమిలింది. గంపా, రీళ్ళూ, సామాన్ల గదీ అన్నీ చెప్పింది. "దానికి విశ్రాంతిగా ఉంటుందనీ..." అంది చివర.

పెద్దకోడలు నవ్వింది. చాలా రోజులకి వినబడిన నవ్వు. "పొదిగే కోడికి కావలసినవేమిటే? చీకటి, వెచ్చదనం, చప్పుడు లేకపోవడం. నువ్వు దాని పొదుగు మానిపించలేదు, పురుడు పోయడానికి గది ఏర్పాటు చేశావు."

"మరి అవి పొడవడం?"

"మరి? వాటికి ఇది ఖాకీ అని తెలియద్దూ? అన్నాళ్ళు కనబడకపోతే దాని చోటు మూసుకుపోయింది. అవి సర్దుకుని తింటున్నాయి. ఇవాళ ఎవరో కొత్తది వచ్చి మధ్యలో నిలబడింది. పొడవవూ?" వేలితో ఖాకీ గొంతు కింద రాస్తూ నెమ్మదిగా చెప్పింది. "వాటిదీ తప్పు కాదులే. జాలీ అడుగున్న బోను ఒకటుంది చూడు, అటక మీద. ఇటుకల మీద ఎత్తుగా పెట్టు. కింద గాలి ఆడాలి, పొట్ట చల్లబడాలి. గడ్డి వద్దు, గుడ్డ వద్దు. పెరటి మధ్యలో పెట్టు, మూలన కాదు. మిగతావాటికి గింజలు ఆ బోను చుట్టూ చల్లు. అవి తింటుంటే ఇది చూడాలి, ఇది తింటుంటే అవి చూడాలి. రోజూ కళ్ళ ముందుంటే చోటెక్కడికీ పోదు."

"ఎన్నాళ్ళక్కా?"

"అది ఉబ్బడం మానేసేదాకా. పో, నూగు నూగంటావుగా, ఈకలు దులుపు నా మీద."

ఈకలు దులిపి, దుప్పటి సరిచేసి, ఖాకీని తీసుకుని చిన్నకోడలు బయటికి వచ్చింది. అలవాటు కొద్దీ తలుపు దగ్గరగా లాగింది.

బోను పెరటి మధ్యలో వెలిసింది. మొదటిరోజు వెల్వెట్ దాని మీదకెక్కి లోపలికి పొడవబోయింది, ముక్కు ఇనపతీగకి తగిలి దిగింది. లైనింగులు దూరంనించే చూశాయి. ఖాకీ జాలీ మీద కూర్చోబోయి, కింద చల్లగాలి తగిలి లేచి, మళ్ళీ కూర్చోబోయి, ఏమిటీ గొడవ అన్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. చిన్నకోడలు చెప్పినట్టే బోను చుట్టూ గింజలు చల్లింది. లోపల గిన్నెలోనూ పోసింది.

ఆ పొద్దునే స్కూలు తెరిచారు, మధ్యాహ్నమే డ్రిల్ మేడం వచ్చింది. స్కూల్లో పిల్లలకి వ్యాయామం నేర్పే ఆవిడ, మెళ్ళో ఈల వేలాడుతూ, చేతిలో పెద్ద సంచీతో. సంచీ బల్ల మీద బోర్లిస్తే తెల్ల చొక్కాలు.

"ఏంటమ్మా ఇది? పొద్దున చేతులు పైకెత్తండ్రా అంటే సగం మంది ఎత్తలేదు. మొండికేశారనుకుని తిట్టాను. ఎత్తినవాళ్ళవి చంకలో పటపటమన్నాయి. అప్పుడు తెలిసింది, వాళ్ళు ఎత్తలేక ఎత్తలేదని!"

చిన్నకోడలు గబగబా టేపు అందుకుంది. ఒక చొక్కా తీసి టేపు పెట్టింది. చీటీలో ఉన్న కొలతే. ఇంకోటి చూసింది. అదీ సరిగ్గానే ఉంది. "కొలత తప్పలేదు మేడం... వదులు కూడా వదిలాను."

"కొలత నాకెందుకమ్మా, చేతులు లేవాలి గానీ. పెద్దావిడ ఉండగా ఎప్పుడూ ఇలా కాలేదు. ఆవిడ ఇంక షాపుకి రారా? మానేశారని ఎవరో అన్నారే?"

"మానెయ్యడమేంటి!" అంది చిన్నకోడలు, తనకే తెలియనంత గట్టిగా.

అని, తల తిప్పి లోపలికి చూసింది. ఇంత పెద్ద గొంతు వినబడ్డాక 'ఎవరే?' అన్న కేక రావాలి. 'ఎవరూ లేరక్కా' అన్న మాట ఆమె నాలుక చివర రెడీగా ఉంది. కేక రాలేదు. ఇంకాసేపు ఆగింది. రాలేదు. నిన్న కూడా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. మొన్న కూడా.

చొక్కాలు బాగుచేసి ఇస్తానని చెప్పి డ్రిల్ మేడంని పంపేసి, బల్ల పట్టుకుని అలాగే నిలబడింది. వెనక గుమ్మంలోంచి పెరడు కనబడుతోంది. బోను చుట్టూ నాలుగు కోళ్ళు. బోను లోపల ఖాకీ నిలబడి తింటోంది. అవి తింటుంటే ఇది, ఇది తింటుంటే అవి.

కరెంటు పోయి వచ్చింది. ఇస్త్రీపెట్టె చల్లారి మళ్ళీ వేడెక్కుతోంది. బావగారు దాని కేసే చూస్తూ అన్నారు. "డాక్టరు దుమ్మన్నాడమ్మాయ్. చీకటన్లేదు."

అంతే అన్నారు. ఆ మాట ఎన్నాళ్ళనించి ఆయన నోట్లో ఉందో. పెట్టె వేడెక్కింది, ఆయన చొక్కా అందుకున్నారు.

చిన్నకోడలు వెళ్ళి వెనకగది తలుపు తీసింది. చీకట్లో పెద్దకోడలు మంచం అంచున కూర్చుని ఉంది, పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా. చిన్నకోడలు వెళ్ళి కిటికీ తెర ఒక్క లాగు లాగింది. వెలుతురు పడింది.

"అక్కా, డ్రిల్ మేడం వచ్చి వెళ్ళింది. నువ్వు ఎవరని అడగలేదేం?"

"అడిగితే ఎవరూ లేరంటావుగా." కోపం లేదు గొంతులో. అదే కష్టంగా ఉంది. "పోనీలే, షాపు నడుస్తోంది కదా. కత్తెర చప్పుడు ఇక్కడికి వినబడుతుంది. బాగానే పడుతోంది నీ చెయ్యి. ఇంక నేనొచ్చి చేసేదేముంది అనుకున్నా. ఈ కన్నయ్యాక ఆ కన్ను కూడా చెయ్యాలన్నారు. ఈలోపు జనం మరిచిపోతారు, అంతేగా."

చిన్నకోడలు మంచం పక్కన కింద కూర్చుంది. తను అక్కని ఎంత బాగా చూసుకుందో వీధి వీధంతా అంది. గడ్డి పరిచి, నీళ్ళు పెట్టి, తలుపు వేసి. కత్తెర చేతిలో ఉన్నది ఎంత హాయిగా అనిపించిందో, ఆ హాయిలో తలుపు ఇంకాస్త దగ్గరగా లాగిన రోజులు కూడా ఉన్నాయని ఆమెకి తెలుసు. ఆ సంగతి దాచుకుని ఏం లాభం?

"నాకా బల్ల దగ్గర బాగుందక్కా. చాలా బాగుంది" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "అందుకే నిన్ను లేవనివ్వలేదేమో కూడా. లే. వచ్చి కూర్చో."

పెద్దకోడలు తల ఇటు తిప్పింది. "నూగో?"

"నూగు సంగతి నేను చూసుకుంటా."

ఫ్యాను ఆపింది. నేలంతా తడిగుడ్డతో తుడిచింది. కత్తిరింపుల గంపని బయటపెట్టింది. చేతుల కుర్చీ తెచ్చి వీధి గుమ్మానికి ఎదురుగా, కటింగ్ బల్లకి ఆనించి వేసింది, మూలన కాదు. బావగారు ఎవరూ చెప్పకుండానే తన ఇస్త్రీ బల్లని కాస్త అవతలికి జరిపారు. పెద్దకోడలు వచ్చి కూర్చుంది. చేత్తో బల్ల అంచు తడిమింది, ఏళ్ళ తరబడి ఆవిడ పొట్ట ఆని నునుపెక్కిన చోటు. ఎదురింటి అరుగు మీదనించి ఎవరో "ఏమమ్మా, కనబడ్డమే మానేశావు!" అని అరిచారు. "ఇక్కడే ఉన్నా, ఎక్కడికి పోతా!" అని ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది.

"ఏదీ, ఆ చొక్కా ఇటివ్వు."

ఒళ్ళో వేసుకుని చంక కుట్టు దగ్గర వేళ్ళు పెట్టి లాగి చూసింది. ఇంకోటి అడిగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "బిగువుగా ఉందే. వదులు వదల్లేదూ?"

"వదిలానక్కా, ఒట్టు! నువ్వు చెప్పినట్టే, ప్రతి ముక్కకీ రెండు వేళ్ళు."

"రెండు వేళ్ళా?"

"రెండు వేళ్ళే."

"ఎవరివి?"

పెద్దకోడలు తన కుడిచెయ్యి బల్ల మీద పరిచింది. చిన్నకోడలు తన చెయ్యి దాని పక్కన పెట్టింది. ఆవిడ రెండు వేళ్ళ వెడల్పులో ఈమెవి దాదాపు మూడు పడతాయి. సన్నటి, పొడుగాటి, కాజాలు కుట్టే వేళ్ళు.

"ఒక్కో ముక్కకీ పోయింది ఇంతే," అంది పెద్దకోడలు ఆ తేడా మీద గోరు పెట్టి చూపిస్తూ. "ముందు రెండు, వెనక రెండు కలిపితే పిల్లాడి ఊపిరి పోయింది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. పెద్దకోడలు కళ్ళద్దాలు పట్టుకుని నవ్వింది, కన్ను అదరకూడదని ఆపుకుంటూ, ఆపుకోలేక. చిన్నకోడలు బల్ల మీద తల పెట్టేసింది. బావగారు వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉండి కూడా నవ్వారు. "స్కూలు స్కూలంతా చేతులు కట్టించావు కదే!" అని పెద్దకోడలు అంటే మళ్ళీ నవ్వులు మొదలు.

లోపలి మడతల్లో గుడ్డ ఉంది కాబట్టి చొక్కాలు బతికాయి. చిన్నకోడలు కుట్లు విప్పి, కొత్త కుట్టు వేస్తూ కూర్చుంది. కొత్తవి కోసేటప్పుడు మాత్రం కత్తెర ఆమెదే. గుడ్డ పరిచి, టేపు పెట్టి గీత గీసి, ముక్కని కుర్చీ వైపు జరుపుతుంది. పెద్దకోడలు వంగకుండా, కూర్చున్న చోటునించే చెయ్యి చాపి రెండు వేళ్ళు ఆనిస్తుంది. వేళ్ళ అవతల చిన్నకోడలు చాక్ గీస్తుంది. మొదట్లో ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళకి అడ్డొచ్చేది. తర్వాత ఆ పని ఎప్పటినించో అలాగే జరుగుతున్నట్టు సాగిపోయింది. మందుచుక్కల వేళకి బావగారు గడియారం వైపు చూసి దగ్గేవారు.

బోనులో ఖాకీ ఉబ్బడం మానేసింది. చెయ్యి పెడితే బుసకొట్టకుండా వేలి చివర గింజ ఉందేమోనని చూసింది. పొట్ట చల్లగా తగిలింది. ఆ పొద్దున చిన్నకోడలు బోను తలుపు తీసి, గింజల డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది, అవసరమైతే మధ్యలో దూకడానికి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మరీ.

"ఏం జరుగుతోందే?" షాపులోంచి పెద్దకోడలి కేక. "నాకు అంతదూరం మసకగా ఉంది. చెప్పు!"

"బయటికొచ్చిందక్కా. ఒళ్ళు విదిలించుకుంటోంది. వెల్వెట్ చూసింది... వస్తోంది. అక్కా, వస్తోంది!"

"రానీ. నువ్వు వెళ్ళకు."

వెల్వెట్ మెడ చాచి వచ్చింది. ఖాకీ తల కాస్త వంచింది. వెల్వెట్ ఆ నెత్తిన ఒక్కటంటే ఒక్కటి పొడిచింది, పెద్ద బలంగా కూడా కాదు, నువ్వేనా అని అడిగినట్టు. తర్వాత తిరిగి వెళ్ళి గింజల్లో ముక్కు పెట్టింది. ఖాకీ వెళ్ళి దాని పక్కన నిలబడింది. అక్కడ తింటున్న లైనింగు ఒకటి తలెత్తి చూసి, ఏమీ అనకుండా అవతలికి జరిగింది.

"ఒక్కటే పొడిచిందక్కా! పక్కనే తింటోంది! దాని చోట్లోనే!"

"చెప్పానా? ఇంక వచ్చి పని చూడు, కుప్పలుగా పడి ఉంది బట్ట."

చిన్నకోడలు చేతులు కడుక్కుని వచ్చి గుడ్డ పరిచింది. మనసంతా పెరట్లోనే ఉంది. టేపు పెట్టింది, అక్క వేళ్ళు ఆనించింది, చాక్ గీసింది.

"ఒసేయ్, ఒసేయ్! ఆ గీత చూడు, పాము పోయినట్టు! మసక కంటికే వంకర కనబడుతోంది, నీకు కనబళ్ళేదూ? ధ్యాసెక్కడ పెట్టావు, కోళ్ళ మీదా? చెరుపు, చెరుపు. మళ్ళీ గియ్యి."

ఆపరేషన్ అయినప్పటినించీ పెద్దకోడలు ఆమెని ఇలా నోరారా తిట్టలేదు. ఆ చీకటిగదిలో చాలావరకు నీరసంగా, మర్యాదగా, పరాయింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. ఇప్పుడు ఈ తిట్టు నెత్తిన పడగానే చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. నవ్వు దాచుకోవడానికి బల్ల మీదకి వంగి గీత చెరిపింది. మళ్ళీ గీసింది. ఈసారి తిన్నగా పోయింది.

వీధి గుమ్మం దగ్గర మెళ్ళో ఈల ఒకటి బొత్తాలకి తగిలి టింగుమంది.

"ఎవరే?" అంది పెద్దకోడలు, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"డ్రిల్ మేడం అక్కా," అంది చిన్నకోడలు, కత్తెర కింద పెట్టకుండానే. "రండి మేడం, లోపలికి రండి. అక్క ఇక్కడే ఉంది."